పెట్టె చెప్పిన లోతు

మే 4

పెట్టె వచ్చింది. బావ ఇంకా చూడలేదు.

మే 5

చూశాడు.

అక్క మొగుడితో ఇరవై రెండేళ్ళుగా ఒకే పడవలో చేపలు పడుతున్నాను. ఆయన కనుబొమలు చూసి ఆ రోజు ఎలా గడుస్తుందో చెప్పగలను. ఇవాళ అట్టపెట్టె మీది బొమ్మ చూడగానే అవి రెండూ కలిసిపోయాయి.

"ఏంట్రా ఇది?"

"సెన్సర్లు బావా. నీళ్ళ అడుగున వేగం ఎంతుందో, చల్లదనం ఎంతుందో కొలిచి పైన అంకెలు చూపిస్తుంది."

"అది నేను చెప్తున్నాగా?"

"నువ్వూ చెప్పు. అదీ చెప్తుంది."

"ఒక పడవలో ఇద్దరు చెప్పేవాళ్ళు ఎందుకు? అది ఎక్కిన రోజు నేను దిగిపోతా."

దిగిపోతాడట. రిజర్వాయర్ మధ్యలో ఎక్కడ దిగుతాడు? ఆయనకి ఈత కూడా అంతంతమాత్రం.

ఎందుకు కొన్నానో ఇక్కడ రాసి పెట్టుకుంటే మంచిది. రేపు ఎవరైనా అడిగితే తడుముకోనక్కర్లేదు. ఈ రోజుల్లో అందరూ పెట్టిస్తున్నారు, అందుకని కొన్నాను. అందరూ అంటే మా రేవులోని గొడుగాయన. వేరే కారణం ఏమీ లేదు.

మే 7

పడవ వెనక చెక్కకి బెజ్జాలు వేశాను. పెట్టెతో వచ్చిన కాగితంలో మాటలు లేవు, అన్నీ బొమ్మలే. ఒక మనిషి నవ్వుతూ బెజ్జం వేస్తుంటాడు. నాకైతే ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

మొదట ఇంజను పంకా పక్కన బిగించాను. పడవని రేవుకి కట్టేసి ఇంజను తిప్పితే, గంటకి పదకొండు కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతున్నాం అని చూపించింది. పంకా చిమ్మే నురగకి సెన్సర్‌లోని బుల్లి చక్రం గిర్రున తిరుగుతోంది. ఊడదీసి రెండో వైపుకి మార్చాను. పాత బెజ్జాలు నాలుగు మిగిలాయి. వాటిలో జిగురు కూరాను.

బావ గట్టు మీద కూర్చుని ఇదంతా చూశాడు. "పడవకి చెవులు కుడుతున్నావా? ముక్కు కూడా కుట్టు, పనైపోతుంది" అన్నాడు. సాయం మాత్రం పట్టలేదు.

వెనక చెక్కకి బిగించింది పైనీళ్ళ సంగతి చెబుతుంది. అసలైంది ఇంకొకటుంది, జానెడు పొడవు గొట్టం. దాన్ని సీసపు బంతికి పైన తీగకి తగిలించాలి. బంతితోపాటు అడుగుకి దిగి, ఎంత లోతులో ఉందో, అక్కడ ఎంత చలిగా ఉందో, ఎంత వేగంతో పోతోందో నీళ్ళలోంచే కబురు పంపుతుంది. తీగలో కరెంటు కూడా అక్కర్లేదు.

బావకి ఇది చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు మూసుకున్నాను. చెప్పడానికి ఏముంది? ఈ పని ఆయన చేతులతో చేసేవాడు. మేం పట్టే చేప ఎండ ముదిరేకొద్దీ చల్లదనం వెతుక్కుంటూ కిందికి పోతుంది. పడవని మనిషి నడక వేగంతో నడుపుతూ, దాని ముందు నుంచి ఎర లాక్కుపోవాలి. ఎర అంత లోతుకి దిగాలంటే ఐదు కిలోల బంతి కట్టి గిరకతో దించాలి. ఎంత దించాలి? అదే బావ విద్య. బంతిని కాసేపు కింద నాననిచ్చి, చకచకా పైకి లాగి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. లోపల పది లెక్కపెడతాడు. "ఇంకో ఆరడుగులు" అంటాడు. దించుతాను. చేప ఉండేది.

ఈ మధ్య సంగతి వేరు. అది రాయను.

మే 9

దిగాడు. నిజంగానే దిగాడు. అదీ నీళ్ళ మధ్యలో.

పొద్దున అక్క నచ్చజెప్పి పంపిందట, ముఖం గంటు పెట్టుకుని పడవెక్కాడు. పెట్టెకి వీపు తిప్పి కూర్చున్నాడు. పెట్టెలో పైన రెండు అంకెలు చక్కగా వెలిగాయి. పైనీళ్ళ వేగం, పైనీళ్ళ వేడి. కింద మూడు అంకెలు ఉండాల్సిన చోట మాత్రం మూడు గీతలు. బంతిని దించాను, గీతలే. ఇంకా దించాను, గీతలే.

"ఏమంటోంది మీ మిషన్?" అన్నాడు బావ వెనక్కి తిరక్కుండా.

"ఆలోచిస్తోంది."

బావ లేచి బంతిని పైకి లాగి, అరచేతుల్లో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను తల తిప్పుకున్నాను. "ఇంకో ఎనిమిదడుగులు" అన్నాడు.

దించాను. ఏమీ లేదు. మళ్ళీ లాగి పట్టుకున్నాడు. "ఇంకో ఎనిమిది." ఏమీ లేదు. మూడోసారి కూడా ఎనిమిదే. నా నోరు ఊరుకోవచ్చు కదా. "పెట్టె ఏమంటుందో కాసేపు చూద్దాం బావా" అన్నాను.

అంతే. సరిగ్గా అప్పుడే గొడుగాయన పడవ మా పక్కగా వస్తోంది. ఆ పడవ మధ్యలో బజారు కొట్లకి వేసేంత గొడుగు నిలబెట్టి ఉంటుంది కాబట్టి ఆయన గొడుగాయన. మర్యాదస్తుడు, చేపలతో కూడా "అండి" అని మాట్లాడే రకం. "కాస్త పక్కకి తీసుకొస్తారా?" అని బావ అడిగాడు. ఆయన "దానికేముందండి" అంటూ పడవ ఆనించాడు. బావ టిఫిన్ డబ్బా పట్టుకుని ఒక్క అంగలో అటు దాటేశాడు. బస్సు మారినంత తేలిగ్గా. గొడుగాయన పైకి లాగిన బంతిని మళ్ళీ దించుకుని కదిలిపోయాడు.

నేను నోరు వెళ్ళబెట్టి చూస్తుండగానే పెట్టె కీచుమంది. గీతలు పోయి అంకెలొచ్చాయి. నలభై నాలుగు అడుగులు. పదకొండు డిగ్రీలు. నాలుగు కిలోమీటర్లు.

బావ దిగేదాకా కాచుకుని కూర్చుంది. మనసు చివుక్కుమంది గానీ, మిషన్‌ని ఏమంటాం?

మే 10

బావ గొడుగాయన పడవలో కుదురుకున్నాడు. ఇవాళ ఆ పడవ గిరక దగ్గర నిలబడి కనిపించాడు. నాకు ఏమీ అనిపించలేదు.

పెట్టెతో ఒక చిక్కు వచ్చింది. గిరక మీద తీగ ఎంత దిగిందో చెప్పే మీటరు ఒకటి ఉంటుంది. నేను ముప్పై అడుగులు దించితే మీటరు ముప్పై అంది, పెట్టె నలభై ఆరు అంది. యాభై దించాను. పెట్టె అదే నలభై ఆరు. పూర్తిగా పైకి లాగేసి బంతిని ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పుడూ నలభై ఆరే. నా ఒళ్ళో పదకొండు డిగ్రీల చలి ఉందట.

మొదట మీటరు చెడిపోయిందనుకుని దానికి టేపు అంటించాను. కానీ ఒళ్ళో ఉన్న బంతి సంగతి ఏం చేయాలి?

మే 11

అర్థమైంది!

కాగితంలో ఏడో బొమ్మలో పెట్టె, దాని పక్కన బాణం గుర్తు, ఆ పక్కన నవ్వుతున్న చేప. నిన్నంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. పైన రెండు అంకెలు మనం ఎలా ఉన్నామో చెబుతాయి. కింద మూడు అంకెలు మనం ఎలా ఉండాలో చెబుతాయి. బంతి ఎక్కడుందో చెప్పడానికి మిషన్ ఎందుకు, గిరక మీటరు ఉందిగా? ఎక్కడ ఉండాలో చెప్పేదే మిషన్.

మీటరు టేపు పీకేశాను. పెట్టె నలభై రెండు అంటే నలభై రెండు దించాను. వేగం నాలుగుంపావు అంటే పడవని నాలుగుంపావుకి తెచ్చాను. పదకొండు చేపలు!

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "అంటే అది నీకు ఆర్డర్లేస్తుందా?" అంది.

"సలహా ఇస్తుంది."

"మీ బావ కూడా అదేగా చేసేవాడు?" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. గాలి తీసేయడంలో ఆమె తర్వాతే ఎవరైనా.

మే 12

తొమ్మిది.

మే 14

పెట్టె గుణాలు ఒక్కొక్కటీ తెలిసొస్తున్నాయి.

ఒకటి, ఎక్కడ పడితే అక్కడ మాట్లాడదు. చేపలు లేని చోట గీతలు పెట్టి కూర్చుంటుంది. ఇవాళ పొద్దున ఉత్తరం వైపు ఒక్కణ్ణే వెళ్ళాను, మూడు గంటలు గీతలే. వెనక్కి వస్తుంటే దూరంగా గొడుగు కనిపించింది, అంకెలూ వచ్చాయి. అంటే చేపలు ఎక్కడుంటాయో గొడుగాయనకి కూడా ఎలాగో తెలిసిపోతోంది. నేను ఎక్కడికి వెళ్తే అక్కడ తయారుగా ఉంటున్నాడు.

మబ్బు పట్టగానే లోతు నాలుగడుగులు తగ్గిస్తుంది. సరిగ్గా బావ ఇలాగే చేసేవాడు, మబ్బుకి చేప పైకొస్తుందని. ఇంత చిన్న మిషన్‌లో ఇంత ఆలోచన ఎలా పెట్టారో!

ఇంకో తమాషా ఏమిటంటే, రోజూ పదకొండింటికి పది నిమిషాలు గీతలు పెట్టేస్తుంది. వేడెక్కుతుందేమో, చల్లారనిస్తున్నాను. ఆ పది నిమిషాలూ నేను కూడా ఫ్లాస్కు తీసి టీ తాగుతాను. ఇన్నేళ్ళుగా పదకొండింటికి అలవాటే, ఇబ్బందేం లేదు.

మే 15

ఆదివారం. కింద అక్కావాళ్ళు, పైన మేం. ఆదివారం అందరం కిందే తింటాం. బావ కంచం మీద నుంచి తల ఎత్తలేదు.

"వాడి మిషన్ ఎలా ఉందో అడుగు" అన్నాడు అక్కతో. నేను ఎదురుగానే ఉన్నాను.

"బ్రహ్మాండంగా ఉందని చెప్పు" అన్నాను మా ఆవిడతో.

"నా వెనకాల తిరగడం మానమని చెప్పు."

"ఎవరు ఎవరి వెనకాల తిరుగుతున్నారో కళ్ళున్నవాళ్ళకి తెలుస్తుందని చెప్పు."

అక్క గరిటె టేబుల్ మీద పెట్టేసింది. "నేను టెలిఫోన్ని కాదు. మీరే మాట్లాడుకోండి" అంది. అన్నం చల్లారిపోయింది.

బావ చారు గిన్నె తీసుకోబోతుంటే అక్క చటుక్కున గుడ్డ పెట్టి తనే అందించింది.

మే 17

గొడుగాయన నా మీద ఫిర్యాదు చేశాడు! రేవు సూపర్‌వైజర్ ఇద్దర్నీ ఆఫీసుకి పిలిపించాడు. ఒకటే కుర్చీ ఉంటే గొడుగాయన నన్ను కూర్చోమన్నాడు, నేను ఆయన్ని కూర్చోమన్నాను, చివరికి సూపర్‌వైజర్ ఫైళ్ళు దాని మీద పెట్టాడు.

"ఈయన నా పడవని వదలడం లేదండి. నేను వేగం పెంచితే పెంచుతారు, తగ్గిస్తే తగ్గిస్తారు. నేను ఆగితే ఆగి టీ తాగుతారండి. నాకు భయం వేస్తోందండి."

"నా పెట్టె చెప్పినట్టు నేను పోతున్నాను. మీ పెట్టె కూడా అదే చెబితే నేనేం చెయ్యను? రెండూ ఒకే కంపెనీవి" అన్నాను.

సూపర్‌వైజర్ చాలాసేపు పెన్ను నమిలాడు. "మరి ఆ పడవలో మీ బావగారున్నారు కదా. ఆయన కోసం వెళ్తున్నారా?"

"ఆయనెవరో నాకు తెలియదు" అన్నాను. ఎందుకలా అన్నానో.

ఇద్దరి మధ్యా వంద మీటర్లు ఉండాలని రాసి సంతకాలు తీసుకున్నాడు. ఎవరు ఎవరికి వంద మీటర్ల దూరంలో ఉండాలో రాయలేదు. పెట్టె వంద మీటర్లలో కూడా మాట్లాడుతుంది, చూశాను. అంకెలు కొంచెం ఆలస్యంగా వస్తాయి, అంతే.

మే 18

పన్నెండు. చెప్పుకోవడానికి పడవలో ఎవరూ లేరు. పెట్టెతో చెప్పాను.

మే 20

పొద్దున నేను పడవకి బయల్దేరుతుంటే అక్క మెట్ల దగ్గర ఆపింది.

"ఒకటడుగుతా, నిజం చెప్పు. ఆయన్ని పడవ దింపెయ్యడానికే పెట్టావా అది?"

"ఛ, అదేం మాట అక్కా?"

"మరెందుకు పెట్టావు?"

అందరూ పెట్టిస్తున్నారని చెప్పబోయాను. అక్క ముఖం చూశాను. పని ఉందని వచ్చేశాను. ఇవాళ చేపలు ఎన్నో లెక్క కూడా పెట్టలేదు.

సరే, రాస్తాను. చదివేది నేనొక్కణ్ణే.

జనవరిలో ఒక సాయంత్రం, బావ టీ కెటిల్ పట్టుకుని నలుగురికీ పోశాడు. పిడి పట్టుకుని కాదు, దాని పొట్ట పట్టుకుని. అప్పుడే స్టవ్ మీంచి దించిన కెటిల్. కబుర్లు చెబుతూ నెమ్మదిగా పోసి, నెమ్మదిగా కింద పెట్టాడు. అరచేయి ఎర్రగా కందిపోయి ఉంది. ఆయనకి తెలియదు. మేం ముగ్గురం చూశాం, ఎవరం కిక్కురుమనలేదు. మర్నాడు బొబ్బలొస్తే ఇంజను తగిలిందన్నాడు. డాక్టరు నరాలు దెబ్బతిన్నాయన్నాడని, వేళ్ళలో స్పర్శ పోయిందని అక్క తర్వాత చెప్పింది. "నీకు తెలిసినట్టు ఉండకు, తట్టుకోలేడు" అంది.

అప్పట్నుంచీ బంతిని ఎప్పుడు పట్టుకున్నా ఎనిమిదే. చలికాలంలో ఎనిమిది, ఎండాకాలంలో ఎనిమిది. నేను చూడటం లేదనుకున్నప్పుడు బంతిని చెంపకి ఆనించుకోవడం రెండుసార్లు చూశాను. నేను సరేనని, నాకు తోచినంత దించేవాణ్ణి. నాకేం తెలుస్తుంది? చేపలు తగ్గిపోయాయి. ఆయన రోజురోజుకీ ముడుచుకుపోయాడు. ఇంకో నెల ఇలాగే పోతే తనే మానేసి ఇంట్లో కూర్చుంటాడని నాకు తెలుసు.

అందుకే కొన్నాను. లోతు సంగతి పెట్టె చూసుకుంటే, ఆయన ఎనిమిదన్నా ఎనభై అన్నా ఫర్వాలేదు, చేపలు పడతాయి, ఆయన ఉంటాడు అనుకున్నాను. ఆయన ఉండటానికి కొన్న పెట్టె చూసి ఆయనే దిగిపోయాడు. ఇంత తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో.

మే 22

గొడుగాయన ఏదో పెళ్ళికి వెళ్ళాడట, ఆ పడవ రేవులోనే ఉంది. రోజంతా గీతలు. నాలుగు దిక్కులా తిరిగాను. రిజర్వాయర్ మొత్తంలో ఒక్క చేప కూడా లేదంటోంది పెట్టె. నా కళ్ళ ముందే ఒకటి నీళ్ళమీద ఎగిరింది. గీతలే.

మే 23

రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. షాపావిడ ముందు పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి బానే ఉందంది. తర్వాత గొట్టం మూత తిప్పి, లోపలికి చూసి, నా వైపు చూసి, మళ్ళీ లోపలికి చూసింది. రెండు వేళ్ళు పెట్టి చిన్న ప్లాస్టిక్ పట్టీ ఒకటి బయటికి లాగింది.

"ఇది తియ్యాలి కదండీ! బ్యాటరీకి అడ్డంగా పెడతారు, కొనేదాకా చార్జింగ్ అయిపోకుండా. ఎన్నాళ్ళైంది పెట్టించి?"

"రెండు వారాలు."

"ఇది రెండు వారాలుగా నిద్రపోతోందండీ. ఒక్కసారి కూడా లేవలేదు."

"అంకెలొచ్చాయమ్మా! లోతు, చల్లదనం, అన్నీ వచ్చాయి. వాటిని పట్టుకునే కదా వందకి పైగా చేపలు పట్టాను!"

ఆవిడ ఆలోచించింది. "మీ రేవులో ఇలాంటిది ఇంకెవరికైనా ఉందా? షాపులోంచి వచ్చేటప్పుడు అన్నీ ఒకటో నంబరు చానెల్ మీదే ఉంటాయి. దగ్గర్లో వాళ్ళ గొట్టం మాట్లాడితే మీ పెట్టె వినేస్తుంది." అక్కడికక్కడే నా దాన్ని రెండో నంబరుకి మార్చి ఇచ్చింది.

నడిచి ఇంటికి రావాలి, పావుగంట దారి. గంట పట్టింది. మధ్యలో ఒక అరుగు మీద కూర్చుండిపోయాను.

నా పెట్టెలో కనిపించింది గొడుగాయన బంతి. నలభై నాలుగు అంటే గొడుగాయన బంతి నలభై నాలుగు అడుగుల్లో ఉందని. ఆ గిరక తిప్పేది ఎవరు? మబ్బు పడితే నాలుగడుగులు పైకి లాగింది ఎవరు? పదకొండింటికి బంతి పైకి తీసి టీ తాగడానికి కూర్చుంది ఎవరు?

రెండు వారాలు బావ చెప్పినట్టే చేశాను. మిషన్ తెలివికి మురిసిపోయాను. వాళ్ళ వెనకాల నేను తిరుగుతున్నానని రేవంతా నవ్వుకుంటుంటే, నా వెనకాల వాళ్ళు తిరుగుతున్నారనుకుంటూ ఫైలు మీద సంతకం పెట్టి వచ్చాను.

నవ్వొచ్చింది. ఆ అరుగు ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

తర్వాత ఒకటి తట్టి నవ్వు ఆగింది. స్పర్శ లేని చేతులతో బావ లోతు ఎలా పట్టుకోగలిగాడు? చేతులు బాగయ్యాయా?

మే 24

చెడగొట్టాను. మొత్తం చెడగొట్టాను.

ఇది బావకి చెప్పాలి, చెప్పి నవ్వించాలి, నవ్వితే వచ్చేస్తాడు అనుకుని పొద్దున్నే వెళ్ళాను. వంద మీటర్ల దగ్గర గొడుగాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కడే ఆగండి! సంతకం పెట్టారండి!"

అక్కణ్ణుంచే అరిచాను. "బావా! రెండు వారాలుగా నా పెట్టెలో కనిపిస్తోంది నీ లోతే!"

బావ అటు తిరిగి నిలబడ్డాడు. గొడుగాయన ఆయన చెవి దగ్గర ఏదో చెప్పి నా వైపు తిరిగాడు. "వినపడలేదంటున్నారండి!"

"నా గొట్టం పనిచెయ్యలేదు! నువ్వు దించినంతే నేనూ దించాను! చేపలన్నీ నువ్వు పట్టినట్టే!"

ఇది వినపడింది. బావ ఇటు తిరిగాడు. అంత దూరం నుంచి కూడా ఆ ముఖం వెలగడం చూశాను. "ఇప్పటికైనా తెలిసిందా?" అని అరిచాడు. "మిషన్లు కాదురా! ఈ చెయ్యి! ఈ చేతికి తెలిసినట్టు దేనికీ తెలీదు!" అంటూ చెయ్యెత్తి ఊపాడు.

అవునన్నా సరిపోయేది. ఎవరికేం పోయింది? కానీ ఐదు నెలలుగా దాచుకున్నదంతా ఒక్కసారి పొంగింది. కోపమో, భయమో, నాకే తెలియదు. "ఆ చేతికేం తెలుస్తుంది? కాలుతున్న కెటిల్ పట్టుకుంటేనే తెలియలేదు! నీ చేతుల సంగతి మా అందరికీ తెలుసు బావా!"

నీళ్ళ మీద మాట ఎంత దూరం పోతుందో ఇన్నేళ్ళ తర్వాత కూడా మర్చిపోయాను. నాలుగు పడవల్లో అందరూ తలలు తిప్పారు. బావ ఎత్తిన చెయ్యి దించి, జేబులో పెట్టుకుని, గొడుగు కింద కూర్చున్నాడు.

గొడుగాయన ఈసారి ఏమీ అనువదించలేదు.

మే 25

వెళ్ళలేదు.

మే 26

కింద నుంచి మాటలు వినపడటం లేదు. ఆయనా పడవ ఎక్కలేదట. మా ఆవిడ కిందికి వెళ్ళొచ్చింది.

"ఏమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదు. గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని."

"అక్క?"

"నీతో మాట్లాడనంది. కానీ ఇది ఇచ్చింది" అని గిన్నె అందించింది. తినలేకపోయాను.

మే 27

ఆరింటికి రేవుకి వెళ్ళేసరికి బావ పడవలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఎప్పుడూ కూర్చునే చోట. పక్కన టిఫిన్ డబ్బా. తాడు విప్పి ఇంజను తిప్పాను. నీళ్ళ మధ్యకి వచ్చాం.

బంతికి గొట్టం తగిలించి దించాను. గీతలు పోయి అంకెలొచ్చాయి. మొదటిసారి అవి మావి.

బావ లేచి వచ్చి పెట్టె ముందు వంగాడు. ఇప్పటివరకూ దానివైపు కన్నెత్తి చూడనివాడు. "ముప్పై ఆరడుగులు, పన్నెండున్నర డిగ్రీలు" అని పైకి చదివాడు. "వెచ్చగా ఉంది. నలభై రెండుకి దించు, పదకొండు వస్తుంది. మూలన గాలి లేస్తోంది, వేగం కొంచెం తగ్గించు."

దించాను. పదకొండు వచ్చింది. ఐదు నిమిషాల్లో చేప ఎర లాగింది. నాలుగు కిలోలు ఉంటుంది.

"నీకు ఇది చదవడం ఎలా వచ్చు?" అన్నాను.

"గొడుగాయన దాంట్లో చూసేవాణ్ణి. గిరక తీగ పట్టుకుని కళ్ళు మూసుకున్నట్టే మూసుకుని, ఒక కంటితో పెట్టె చూసి చెప్పేవాణ్ణి. ఆయన నోరు తెరిచేసేవాడు. మా పెట్టె ఎంతంటే మీరూ అంతే అంటున్నారేంటండీ, అని."

ఇద్దరం నవ్వాం. చాలాసేపు నవ్వాం. బావ కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి అది ఇక్కడే చెయ్యొచ్చుగా బావా? నా పెట్టె చూసి చెప్పొచ్చుగా? దిగిపోయావెందుకు?"

"గొడుగాయన నమ్మినా నమ్మకపోయినా నాకేంట్రా? ఆయన ముందు దొంగవేషం వెయ్యగలను. నువ్వు ఇరవై రెండేళ్ళు నమ్మావు. నేను కళ్ళు మూసుకుంటే నువ్వు ఊపిరి కూడా బిగబట్టేవాడివి. నీ ముందు వెయ్యలేకపోయాను."

"నాకు జనవరి నుంచే తెలుసు."

"తెలుసని మొన్న రిజర్వాయర్ మొత్తానికి చెప్పావుగా."

"తప్పైపోయింది బావా."

"పోనీలే. దాచడానికి ఇంకేం మిగల్లేదు, ఆ మేరకు సుఖం" అన్నాడు. తర్వాత, "ఎంతవరకు పోయిందో నాకూ సరిగ్గా తెలీదురా. మీ అక్కని చూడనివ్వలేదు" అన్నాడు.

"ఇలా ఇవ్వు."

చెయ్యి చాపాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. అరచేతిలో కాలిన మచ్చలు నల్లగా ఉన్నాయి. చిటికెనవేలు నొక్కాను.

"తెలుస్తోందా?"

"లేదు."

బొటనవేలి మొదట్లో నొక్కాను. "ఇక్కడ?"

"లేదు."

అరచేతి మధ్యలో గోరు గుచ్చాను. ఆయన చెయ్యి కదల్లేదు. "ఇప్పుడు?"

బావ నా చేతుల వైపు చూశాడు. "తెలియట్లేదురా. నువ్వు పట్టుకున్నావని కనిపిస్తోంది. చాలు."

ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆయనా ఏడ్చాడు, కానీ ఎండ అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. తల ఎత్తి చూస్తే గొడుగాయన పడవ మా ఎడమవైపు ఉంది. కాసేపటికి కుడివైపు కనిపించింది. తర్వాత మళ్ళీ ఎడమవైపు.

"వంద మీటర్లని సంతకం పెట్టి, ఈయనేంట్రా మన చుట్టూ తిరుగుతున్నాడు?" అన్నాడు బావ.

అప్పుడు చూసుకున్నాం, మా చుక్కాని ఎవరి చేతిలోనూ లేదు.